పదకొండేళ్లు వాడిన టేకు నగల పెట్టె: వెల్వెట్ పీకేశాకే బాగుపడింది

కర్ర మంచిదే, లోపల అంటించిన ఎర్ర వెల్వెటే దరిద్రం. పెళ్లప్పుడు మా అత్తయ్య చేయించి ఇచ్చిన పెట్టె ఇది. జానెడున్నర పొడవు, మూలలకు ఇత్తడి రేకులు, కింద ఒక సొరుగు, మూత లోపల అద్దం. మొదటి ఏడాదంతా పనున్నా లేకపోయినా తెరిచి చూసుకునేదాన్ని.

వానాకాలం వస్తే మూత ఉబ్బి పట్టేస్తుంది, పిడికిలితో కింద నుంచి తట్టాలి. ఎండలకి దానంతటదే సర్దుకుంటుంది కాబట్టి అదేం పెద్ద తప్పు కాదు. గొడవంతా వెండితోనే. పట్టీలు, పాప మొలతాడు ఎంత తోమి పెట్టినా మూడు నెలలకే నల్లగా, మసి పట్టిన గిన్నెల్లా తయారయ్యేవి. వెండికి గంధకం తగిలితే పైన నల్లటి పొర కడుతుంది, మూసిన పెట్టెలో ఆ ఆవిరి ఎటూ పోదు. వెల్వెట్ కింద స్పాంజి, దాన్ని అంటించిన జిగురు మీదే నా అనుమానం. నాలుగో ఏడు విసుగొచ్చి మొత్తం గోకి పారేశాను, వెండిని అమ్మమ్మ చేసినట్టు ఉతికిన పాత నూలు చీర ముక్కల్లో చుట్టి పెట్టాను. ఇప్పుడు ఏడాదికోసారి తోమితే చాలు.

ఈ నూలు గుడ్డ పద్ధతి ఎంత పాతదో తెలిస్తే నవ్వొస్తుంది. 1920ల్లో మొహెంజొదారోలో బంగారు నగలు దాచిన వెండి పాత్ర ఒకటి దొరికింది, దానికి నూలు గుడ్డ పీలికలు అంటుకుని ఉన్నాయి. వెండి లవణాలు పట్టడం వల్లే ఆ నూలు నాలుగు వేల ఏళ్లు కుళ్లకుండా నిలిచింది. కర్రకి అంత అదృష్టం లేదు. ఈజిప్టులో లాహున్ దగ్గర 1914లో రాకుమారి సిత్‌హథోర్‌యునెట్ నగల పెట్టెలు బయటపడే సరికి, సమాధిలో చేరిన నీళ్లకి కర్ర కుళ్లిపోయి బంగారం, దంతపు ముక్కలే మిగిలాయి. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఇప్పుడున్నది వాటిని తిరిగి కూర్చి నిలబెట్టిన పెట్టె.

మన భట్టిప్రోలు వాళ్లు ఆ రిస్కే పెట్టుకోలేదు: రాతి పెట్టె, దాని లోపల స్ఫటికపు భరిణె. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే అక్కడి బౌద్ధ స్తూపం తవ్వితే అస్థికలతో పాటు బంగారు పూలు, ముత్యాలు కూడా దొరికాయి. రాతి మీద ‘మజుస’ అని, అంటే మంజూష (పెట్టె) అని, చేయించిన కురుడి పేరూ వాళ్ల అమ్మానాన్నల ప్రస్తావనా చెక్కి ఉన్నాయి. పెళ్లికిచ్చే స్టీలు గిన్నెల మీద మనం పేర్లు కొట్టించుకోమూ, అచ్చం అలాగే!

నా పెట్టెలో గదులు తక్కువ, అదింకో లోటు. రాళ్ల నెక్లెస్ పక్కనే పడేసిన ముత్యాల దండ గీతలు పడి మెరుపు పోయింది, అది మాత్రం నా తప్పే. అప్పట్నుంచి ముత్యాలు విడిగా గుడ్డ సంచిలో, చిన్న దుద్దులు ఏటికొప్పాక లక్క భరిణెలో ఉంటున్నాయి. కొత్తగా చేయించుకునేవాళ్లు లోపల ఏమీ అంటించొద్దని వడ్రంగికి గట్టిగా చెప్పండి, గదులు మాత్రం ఎక్కువ పెట్టించుకోండి. తాళం కోసం డబ్బు దండగ. మా పాప ఐదేళ్లప్పుడే హెయిర్‌పిన్నుతో తీసేసింది.