చెవిమిషన్‌కు చెమట తొడుగు, క్లిప్ తాడు, ఆరబెట్టే డబ్బా: ఏది కొనాలి?

చెవి వెనక పెట్టుకునే మిషన్‌ను వాన కంటే చెమటే ఎక్కువ పాడుచేస్తుంది. తడి ఆరినా ఉప్పు మిగిలిపోయి, సెల్లు (బ్యాటరీ) తగిలే రేకులకు చిలుము పట్టిస్తుంది. దుమ్మూ నీళ్లూ తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 గుర్తు ఉందని ధీమా వద్దు. ఆ పరీక్ష దుమ్ముకూ మంచినీళ్లకూ చేసింది, ఉప్పు చెమటకు కాదు. పొద్దుగాల నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కేవాళ్లకైనా, పానగల్ ఉదయసముద్రం కట్ట మీద నడిచేవాళ్లకైనా ఇదే మాట.

తొడుగు సాగే బట్టదే తీసుకోవాలి, అదీ మిషన్ సైజుకు సరిపోయేది. వదులైతే మైకుకు రాసుకుని గరగరమంటుంది, బిగుతైతే బటన్ నొక్కుకుపోతుంది. రబ్బరుది మాత్రం కొనొద్దు. మిషన్‌లో వేసే జింక్-ఎయిర్ సెల్లుకు గాలి కావాలి. రంధ్రాలు మూసుకుపోతే నడక మధ్యలోనే మిషన్ ఆగిపోతుంది. తొడుగు తడిస్తే ఇంటికి రాగానే తీసి, ఉతికి, నీడకు ఆరేయాలి. తడిదాన్ని అట్లనే ఉంచితే అసలు తొడుగు లేకపోవడమే నయం.

క్లిప్ తాడు చవక, పని గట్టిది. చొక్కా కాలర్‌కు వెనకవైపు పెడితే, హెల్మెట్ తీసేటప్పుడు మిషన్ ఊడినా రోడ్డు మీద పడదు. పిల్లలకు తప్పకుండా కొనాలి. కబడ్డీ ఆడేటప్పుడు మాత్రం తాడూ వద్దు, మిషనూ వద్దు.

ఒక్కటే కొనగలిగితే డబ్బానే కొనండి. లోపల తేమ పీల్చే సిలికా గింజలు కనిపించేలా పారదర్శకంగా ఉండాలి, మూత గట్టిగా బిగియాలి. మిషన్‌ను పొడిబట్టతో తుడిచి, సెల్లు తీసి, సెల్లు తలుపు తెరిచే ఉంచి రాత్రంతా అందులో పెట్టాలి. సెల్లును బయటే ఉంచాలి, పొడిగాలికి లోపలి తేమ ఆరి తొందరగా అయిపోతుంది. నారింజ రంగు సిలికా గింజలు ఆకుపచ్చగా మారాయంటే ఇక తేమ పీల్చవు. వేడిచేసి మళ్లీ వాడొచ్చు, లేదా మార్చాలి. చాలామంది ఈ రంగు చూడరు, డబ్బా పనిచేయడం లేదంటారు.

మాట తెగితెగి వినిపిస్తే ట్యూబులో చెమట చుక్క ఆగిందేమో చూడాలి. చెవిలో పెట్టుకునే అచ్చును ట్యూబుతో సహా మిషన్ నుంచి విడదీసి రబ్బరు బ్లోయర్‌తో ఊదాలి. నోటితో ఊదితే ఇంకా తేమ చేరుతుంది. హెయిర్ డ్రయ్యర్ వేడికి లోపలి భాగాలు చెడతాయి. ఎండాకాలం మహబూబ్‌నగర్‌లో ఎండకు నిలిపిన బండి డిక్కీలో పెట్టినా అంతే.