హూవర్ డ్యామ్ పాత రైలుబాట: మన పెద్దవాళ్లు కూడా నడవగలిగిన ఎడారి దారి

పిల్లలను చూడటానికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రతి వీధిలోనూ కనిపిస్తారు. లాస్ వేగాస్ వైపు వెళ్లినవారికి పిల్లలు హూవర్ డ్యామ్ తప్పకుండా చూపిస్తారు. అయితే కారులో వెళ్లి, డ్యామ్ మీద నిలబడి ఫొటోలు తీసుకుని తిరిగి రావడంతోనే ఆ ప్రయాణం ముగిసిపోతుంది. అదే డ్యామ్‌కు ఎడారి కొండల మీదుగా నడిచి చేరుకునే పాత రైలుబాట ఒకటి ఉంది. మా ఆవిడతో కలిసి దాన్ని నడిచి వచ్చాక, అరవై దాటినవారికి ఆ చుట్టుపక్కల అంతకంటే అనువైన నడక దొరకదన్న నమ్మకం కలిగింది.

లాస్ వేగాస్ నుంచి వెళ్తూ బౌల్డర్ సిటీ అనే చిన్న ఊరు దాటిన తర్వాత, డ్యామ్ వెనక ఏర్పడిన జలాశయమైన లేక్ మీడ్ సందర్శకుల కేంద్రం పక్కన ఈ బాట మొదలవుతుంది. డ్యామ్ నిర్మాణానికి కావలసిన సామగ్రిని, యంత్రాలను చేరవేయడానికి 1931లో వేసిన రైలుమార్గం ఇది. 1961లో చివరిసారిగా వాడిన తర్వాత పట్టాలు తొలగించారు. మిగిలిన కట్టను ఇప్పుడు నేషనల్ పార్క్ సర్వీస్ నడక బాటగా నిర్వహిస్తోంది. డ్యామ్ వరకు ఒక వైపు దూరం 3.7 మైళ్లు, అంటే దాదాపు 6 కిలోమీటర్లు.

ఈ బాటలోని సుగుణమంతా అది రైలు కోసం వేసినది కావడంలోనే ఉంది. బరువైన బండ్లను లాగే ఇంజను నిటారు ఎత్తులు ఎక్కలేదు కాబట్టి, ఆనాటి ఇంజనీర్లు అడ్డొచ్చిన కొండలను తొలిచి, పల్లాలను మట్టితో పూడ్చి, దారిని సాధ్యమైనంత చదునుగా ఉంచారు. మోకాళ్ల నొప్పుల వల్ల తిరుమల మెట్లకు ఎప్పుడో దండం పెట్టేసిన మా ఆవిడ ఈ కంకర దారిలో చేతికర్ర లేకుండా, ఎక్కడా ఆయాసపడకుండా నడిచింది. నలుగురు పక్కపక్కన మాట్లాడుకుంటూ వెళ్లేంత వెడల్పు కూడా ఉంది. సైకిళ్ల మీద వచ్చేవారు ఉంటారు కనుక ఒక పక్కగా నడవడం మంచిది.

మైలుకు దగ్గరగా నడిచాక సొరంగాలు మొదలవుతాయి. మొత్తం అయిదు. ఒక్కొక్కటి సుమారు 300 అడుగుల పొడవు, 25 అడుగుల వ్యాసం. డ్యామ్‌కు తరలించే భారీ యంత్ర భాగాలు పట్టాలి కాబట్టి వీటిని మామూలు రైలు సొరంగాల కంటే పెద్దవిగా తొలిచారు. బయటి ఎండలో కళ్లు చికిలించుకుంటూ వచ్చి లోపల అడుగు పెట్టగానే చల్లటి గాలి ఒంటికి తగులుతుంది. అవతలి ద్వారం వెలుగు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి భయమేమీ ఉండదు. గోడలు చెక్కినట్టు నునుపుగా ఉండవు. పేల్చిన రాయి పేల్చినట్టే గరుకుగా ఉంటుంది. వదులు రాయి పడకుండా నిలబెట్టిన పాత దూలాలు ఎండి, నెర్రెలిచ్చి కనిపిస్తాయి. అయిదో సొరంగం 1990లో ఎవరో నిప్పు పెట్టడంతో దెబ్బతిని మూతపడింది. దాన్ని బాగుచేసి 2001లో మళ్లీ తెరిచారు. పనికిరాని రైలుమార్గానికి ఇంత శ్రద్ధ చూపడం నన్ను కదిలించింది. గిద్దలూరు, నంద్యాల మధ్య నల్లమలలో మీటర్‌గేజ్ కాలపు దొరబావి వంతెన స్తంభాలకు కూడా ఇలాంటి ఆదరణ దక్కాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

సొరంగాల మధ్య దారి పొడవునా ఒక పక్కన లేక్ మీడ్ కనిపిస్తుంది. గోధుమ, నలుపు రంగు కొండల పాదాల దగ్గర నీటికి పైన తెల్లటి పట్టీ ఉంటుంది. ఒకప్పుడు నీరు అంత ఎత్తున ఉండి, అది తగ్గాక రాతి మీద మిగిలిన ఖనిజాల పూత అది. కరువు ఏడాదుల్లో సోమశిల జలాశయం అంచులు చూసినవారికి ఆ దృశ్యం వెంటనే అర్థమవుతుంది.

ఎండ సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. సొరంగాలు తప్ప దారిలో నీడనిచ్చే చెట్టు ఒక్కటీ లేదు. రోహిణి కార్తెకు అలవాటుపడిన మనకు ఇదేం లెక్క అనుకోవడం ప్రమాదం. నెల్లూరు ఉక్కపోతలో చొక్కా తడిసిపోతుంది కాబట్టి ఒంట్లో నీరు పోతున్నట్టు మనకు తెలుస్తుంది. అక్కడి పొడి గాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది, దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. వేసవిలో వెళ్లవద్దనే నా సలహా. నవంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. అప్పుడైనా మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, ఉప్పు వేసిన మజ్జిగ సీసా దగ్గర ఉండాలి. బాట మధ్యలో తాగునీరు దొరకదు. బయలుదేరే ముందే సందర్శకుల కేంద్రంలో అవసరాలన్నీ తీర్చుకోవడం మేలు.

అయిదో సొరంగం దాటిన తర్వాత బాట స్వభావం మారుతుంది. అక్కడి నుంచి డ్యామ్ పార్కింగ్ వరకు వంపులు తిరుగుతూ కిందికి దిగాలి. దిగడం కంటే తిరిగి ఎక్కడం కష్టం. మోకాళ్లు బాగాలేనివారు అయిదో సొరంగం చూసి వెనక్కి తిరిగితే సొరంగాలన్నీ చూసినట్టే అవుతుంది. డ్యామ్ దాకా నడవాలనుకుంటే, కొడుకో అల్లుడో మిమ్మల్ని సందర్శకుల కేంద్రం దగ్గర దింపి, కారు తీసుకుని డ్యామ్ పార్కింగ్‌లో ఎదురుచూసేలా ముందే మాట్లాడుకోండి. మేము అలాగే చేశాము.