సరీసృపాల ట్యాంకుకు థర్మామీటర్: ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి

ఇది ఒకే వస్తువు మీద సమీక్ష కాదు. సరీసృపాల ట్యాంకులో వేడిని కొలవడానికి దుకాణాల్లో దొరికే నాలుగు రకాల థర్మామీటర్లను డాలస్ దగ్గరి మా ఇంట్లో ఒక బియర్డెడ్ డ్రాగన్‌కూ ఒక లెపర్డ్ గెకోకూ (రెండూ బల్లి జాతివే) వాడుతున్న అనుభవంతో రాస్తున్నాను. తీర్పు ముందే చెబుతాను. మొదట కొనవలసింది తాకకుండా దూరం నుంచే వస్తువు పైభాగం వేడిని చెప్పే ఇన్‌ఫ్రారెడ్ గన్, ఆ తర్వాత తీగ చివర ప్రోబ్ (వేడిని పసిగట్టే చిన్న ముక్క) ఉన్న డిజిటల్ థర్మామీటర్. అద్దానికి అంటించే గుండ్రటి డయల్‌ను మాత్రం కిట్‌తో పాటు ఉచితంగా ఇచ్చినా పక్కన పెట్టేయడమే మంచిది.

బియర్డెడ్ డ్రాగన్ ఆస్ట్రేలియా లోపలి ఎండు ప్రాంతాల జీవి. మన ఊళ్లలో కంచెల మీద తల ఆడించే తొండలు ఏ కుటుంబానికి చెందినవో ఇదీ ఆ కుటుంబానిదే. ఒంట్లో వేడి పుట్టించుకోలేదు కాబట్టి, ఎండలోకి వచ్చి వేడెక్కడం, నీడలోకి పోయి చల్లబడడం తప్ప దానికి మరో మార్గం లేదు. ట్యాంకులో దీపం కింద అది పడుకునే రాయి పైభాగం సుమారు 38 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకూ వేడెక్కాలి. అవతలి చివర 24 నుంచి 28 మధ్య ఉండాలి. రాయి చాలినంత వేడెక్కకపోతే తిన్న పురుగు సరిగా అరగదు, మితిమీరి వేడెక్కితే పొట్ట చర్మం కాలుతుంది. కాబట్టి మనం తెలుసుకోవలసినవి రెండు: దాని పొట్ట కింది రాయి ఎంత వేడిగా ఉంది, అది చల్లబడడానికి వెళ్లే మూలలో గాలి ఎంత చల్లగా ఉంది. ఈ రెండింటినీ ఒకే పరికరం చెప్పలేదు.

డయల్ లోపల రెండు లోహాలను అతికించి చుట్టిన చిన్న చుట్ట ఉంటుంది. వేడికి అది విప్పుకుంటే ముల్లు కదులుతుంది. అది కొలిచేది తాను అంటుకుని ఉన్న అద్దం పక్కనున్న గాలిని మాత్రమే. మా ట్యాంకులో రాయి 41 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం ఆ పక్కనే అద్దం మీదున్న డయల్ 29 చూపింది. డయల్ చెడిపోలేదు, తానున్న చోటి సంగతి అది చెప్పింది. కానీ ఆ 29ని చూసి, డ్రాగన్‌కు చలేస్తోందని జాలిపడి ఎక్కువ వాట్ల బల్బు బిగించే వాళ్లు ఉంటారు. నాకు భయం అక్కడే. రంగులు మారే ప్లాస్టిక్ పట్టీలదీ ఇదే కథ, అవి అద్దం వేడిని చెబుతాయి. వీటి వెనుక ఉండే జిగురుతో ఇంకో ప్రమాదం ఉంది. దీపం వేడికి జిగురు సడలి డయల్ ఊడిపడితే చిన్న గెకోకో పాముకో ఒంటికి అతుక్కుంటుంది, దాన్ని లాగితే పల్చటి చర్మం కూడా ఊడి వస్తుంది.

ఇక ఇన్‌ఫ్రారెడ్ గన్. మేము వాడేది ఎటెక్‌సిటీ లేజర్‌గ్రిప్ 774. కొలిచే పరిధి మైనస్ 50 నుంచి 380 డిగ్రీల సెల్సియస్ వరకూ ఉంది, మన అవసరానికి అందులో చిన్న ముక్క చాలు. మీట నొక్కగానే అంకె వస్తుంది, జంతువును కదిలించే పని లేదు, రాయి మీద ఈ మూలా ఆ మూలా వరసగా చూసుకోవచ్చు. అలా చూసినప్పుడే, ఒకే రాయి మీద దీపం నేరుగా పడే చోటుకూ అంచుకూ మధ్య కొన్ని డిగ్రీల తేడా ఉంటుందనీ, డ్రాగన్ తనకు కావలసిన చోటు చూసుకుని అక్కడే పడుకుంటుందనీ తెలుస్తుంది. నోరు కొద్దిగా తెరిచి పడుకుని ఉంటే ఒళ్లు చాలినంత వేడెక్కిందని అర్థం. అప్పుడు దాని పక్కన రాతి మీద తీసుకున్న కొలతే నాకు అన్నిటికన్నా పనికొచ్చింది.

ఈ గన్‌ను సరిగా వాడడానికి నాలుగు సంగతులు తెలిసి ఉండాలి. మొదటిది, ఇది కొలిచే కిరణాలు అద్దం గుండా రావు. తలుపు మూసి బయటినుంచి గురిపెడితే అద్దం ఎంత వేడిగా ఉందో అదే తెరమీద పడుతుంది. మా దగ్గర మూసిన తలుపు మీద 27 చూపిన గన్, తలుపు జరిపి అదే రాయి మీద పెట్టగానే 40 చూపింది. రెండోది, ఎర్రటి లేజర్ చుక్క గురి కోసమే, కొలిచేది ఆ చుక్కను కాదు. దూరానికీ కొలిచే వలయానికీ నిష్పత్తి 12:1 కాబట్టి, 30 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు ప్రదేశపు సగటు వస్తుంది. ఇంకా వెనక్కి జరిగితే రాయితో పాటు పక్కనున్న ఇసుక కూడా లెక్కలోకి వస్తుంది. మూడోది, ఈ మోడల్‌లో ఎమిసివిటీ, అంటే వస్తువు పైభాగం వేడి కిరణాలను ఎంత బాగా వెలువరిస్తుందో చెప్పే అంకె, 0.95 దగ్గర స్థిరంగా ఉంటుంది. రాయి, చెక్క, మట్టి, జంతువు చర్మం విషయంలో అది సరిపోతుంది కానీ మెరిసే అల్యూమినియం మీద, దీపపు గిన్నె మీద వచ్చే అంకెను నమ్మకూడదు. నాలుగోది, లేజర్ జంతువు కంట్లో గానీ పిల్లల కంట్లో గానీ పడకూడదు. కోవిడ్ రోజుల్లో కొన్న, నుదుటి దగ్గర పెట్టి జ్వరం చూసే గన్ ఇంట్లో ఉంది కదా అనుకోవద్దు; అది మనిషి ఒంటి వేడి కోసం చేసిన ఇరుకైన పరిధిలో పనిచేస్తుంది, ఇక్కడ అక్కరకు రాదు.

గన్ గాలిని కొలవలేదు, రాత్రంతా కాపలా కాయనూ లేదు. ఆ పని ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటర్‌ది. తెర బయట, ప్రోబ్ లోపల ఉంటుంది కాబట్టి తలుపు తీయకుండానే చూడవచ్చు. కనిష్ఠ, గరిష్ఠ అంకెలను గుర్తుంచుకునే మోడల్‌నే ఎంచుకోవాలని నా గట్టి సలహా, ఎందుకంటే తెల్లవారుజామున ఎంతకు పడిపోయిందో మనం లేచి చూడం. ప్రోబ్‌ను చల్లటి చివర, జంతువు వీపు ఎత్తులో, నేరుగా దీపం వెలుగు పడని చోట పెట్టాలి. దీపం కింద పెడితే నల్లటి ప్రోబ్ ఆ వేడిని తానే పీల్చుకుని గాలి కన్నా ఎక్కువ చూపిస్తుంది. ప్రోబ్‌ను అద్దానికి పట్టించే రబ్బరు సక్షన్ కప్పులు వారం తిరక్కుండానే జారిపోతుంటాయి. తీగను జాలీకి ప్లాస్టిక్ టైతో బిగించడం మేలు, టేపు మాత్రం లోపల వాడకూడదు.

లెపర్డ్ గెకో విషయంలో ప్రోబ్ విలువ మరింత తెలుస్తుంది. పాకిస్తాన్, అఫ్ఘానిస్తాన్, మన దేశపు వాయవ్య ప్రాంతాల రాతి నేలల నుంచి వచ్చిన ఈ జీవికి వెచ్చని గూటి నేల సుమారు 32 నుంచి 34 డిగ్రీలు ఉండాలి. కింద హీట్ మ్యాట్ (ట్యాంకు అడుగున పరిచే, కరెంటుతో వేడెక్కే పలుచటి చాప) ఉంటే, పైన పరచిన మట్టి మీద గన్ చూపే అంకె సరిపోదు. గెకో తవ్వుకుంటూ అడుగు అద్దం దాకా పోతుంది, అక్కడ వేడి ఇంకా ఎక్కువ. అందుకని ఒక ప్రోబ్‌ను మట్టి కింద, అద్దానికి ఆనించి ఉంచాలి.

చాలామంది థర్మోస్టాట్ తెర మీది అంకెనే థర్మామీటర్‌గా భావిస్తారు. థర్మోస్టాట్ హీటర్‌ను అదుపు చేయడానికి ఉన్నది, దానికి తన ప్రోబ్ ఉన్న చోటు తప్ప మరేదీ తెలియదు. జంతువు తగిలి ఆ ప్రోబ్ చల్లటి చివరకు పడిపోతే, తెర మీద తక్కువ అంకె కనిపిస్తూనే ఉంటుంది, హీటర్ ఆగకుండా కాలుతూనే ఉంటుంది. ఆ సంగతి బయటపెట్టేది విడిగా పెట్టుకున్న రెండో థర్మామీటరే.

గోవీ హెచ్5075 వంటి బ్లూటూత్ రకాలు తేమను కూడా చూపుతాయి, ఫోన్‌లో గ్రాఫ్ ఇస్తాయి. దీపం వెలిగాక ట్యాంకు ఎంతసేపటికి వేడెక్కుతోందో చూడడానికి బాగుంటాయి. అయితే బ్లూటూత్ ఇంటి గోడలు దాటి ఎంతో దూరం పోదు. ఊరు వెళ్లినప్పుడు కబురు అందాలంటే, దాని అంకెలను వైఫై ద్వారా ఫోన్‌కు పంపే గేట్‌వే అనే మరో పరికరం కావాలి, కరెంటు పోతే ఆ వైఫై కూడా పోతుంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫానుకు టెక్సస్‌లో లక్షల ఇళ్లు చీకట్లో ఉన్నట్లే మళ్లీ జరిగితే, బటన్ బ్యాటరీతో నడిచే మామూలు ప్రోబ్ థర్మామీటరే దిక్కు. ఆ చిన్న బ్యాటరీలను పసిపిల్లలకు అందకుండా ఉంచాలి, మింగితే ప్రాణాపాయం.

కొత్త ప్రోబ్ కొన్నప్పుడు, అది నీటిలో తడవగలదని పెట్టె మీద రాసి ఉంటే, నలగ్గొట్టిన ఐసు నిండా వేసి కొద్దిగా నీళ్లు పోసిన గ్లాసులో కొన్ని నిమిషాలు ఉంచి చూడండి. సున్నాకు ఒక డిగ్రీ అటూ ఇటూ ఉంటే సరే, మూడు నాలుగు డిగ్రీల తేడా ఉంటే వెనక్కి ఇచ్చేయండి. జ్వరాన్ని ఫారన్‌హీట్‌లో, ఎండను సెల్సియస్‌లో లెక్కపెట్టే అలవాటు ఉన్న మన ఇళ్లలో అన్ని పరికరాలనూ ఒకే కొలమానంలో పెట్టుకోవాలి. అమెరికా పుస్తకాల్లో కనిపించే 104 అంటే మన 40.

ధర విషయానికొస్తే, గన్ ఇరవై డాలర్ల చుట్టుపక్కల, ప్రోబ్ థర్మామీటర్ అందులో సగానికి దొరుకుతాయి. పెట్టె మీద బల్లి బొమ్మ ఉన్నదే కొనాలన్న నియమం లేదు. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే మామూలు గన్ ఇదే పని చేస్తుంది. చేతిలో డబ్బు ఒక్కదానికే ఉంటే డ్రాగన్ ఉన్నవాళ్లు గన్ తీసుకోండి, హీట్ మ్యాట్ మీద గెకోను పెంచేవాళ్లు ముందు ప్రోబ్ తీసుకోండి.