హార్న్ బాక్సులా, రిఫ్లెక్స్ బాక్సులా? రెండూ ఏళ్ల తరబడి వాడాక చెప్తున్నా

మాది గుంటూరు, కొరిటెపాడు వైపు. పెళ్లిళ్లకీ, చవితి ఊరేగింపులకీ చిన్న సౌండ్ సెట్ తిప్పుతాను, ఒక టాటా ఏస్, ఒక జనరేటర్, అంతే. తక్కువ డబ్బుల్లో బేస్ గట్టిగా కొట్టాలంటే ఏ బాక్స్ చేయించాలి అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, 2 బాక్సులతో మొదలుపెట్టేవాళ్లయితే హార్న్ (లోపల సౌండ్ దారి వెడల్పవుతూ వచ్చి నోరులా తెరుచుకునే బాక్స్) జోలికి పోవద్దు, పోర్ట్, అంటే గాలి పోయే కన్నం, ఉన్న మామూలు రిఫ్లెక్స్ బాక్స్ చేయించుకోండి.

2018లో 18 అంగుళాల డ్రైవర్లు (బాక్సులో బిగించే స్పీకర్లు) 2 కొని ఫోల్డెడ్ హార్న్, అంటే దారిని లోపలే మడతపెట్టిన హార్న్, చేయించా. అదే పవర్‌కి హార్న్ ఎక్కువ సౌండ్ ఇస్తుందంటారు కదా, అది నిజమే, 70, 80 హెర్ట్జ్ దగ్గర దెబ్బ పడితే ఛాతీకి తగిలేది. అంతకంటే కిందికి, అంటే ఇంకా లోతైన బేస్‌కి, దిగమంటే మాత్రం దిగేది కాదు, పాటలో బేస్ సాగే చోట చప్పబడిపోయేది. ఎందుకంటే 40 హెర్ట్జ్ అల పొడవు 8.5 మీటర్లు, అందులో పావు వంతన్నా, అంటే 2 మీటర్ల పైన, హార్న్ లోపల దారి ఉండాలి, నోరు కూడా పెద్దగా తెరుచుకోవాలి, 2 బాక్సుల నోళ్లు కలిపినా అది చాలదు. పెద్ద సెట్ల వాళ్లు 4, 6 పక్కపక్కన పేర్చేది అందుకే. ఇంకా బరువు, ఒక్కోటి 80 కేజీలు, మెట్ల మీద నుంచి పై హాల్‌కి ఎక్కించాలంటే నలుగురు కావాలి, వాళ్ల కూలీ ఎవరిస్తారు? పైగా చవక ప్లైవుడ్ వాడినందుకు రెండో వర్షాకాలానికే అంచులు పొరలు పొరలుగా లేచిపోయాయి.

కరోనాలో ఫంక్షన్లు ఆగిపోయినప్పుడు ఖాళీగా కూర్చోలేక అవే డ్రైవర్లకి కొత్త బాక్సులు మొదలుపెట్టా. ఈసారి నెట్‌లో కనపడిన ప్లాన్ గుడ్డిగా తీసుకోలా, డ్రైవర్ కాగితంలో ఉన్న ఎఫ్ఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అంకెలు (డ్రైవర్ గుణం చెప్పే కొలతలు) విన్‌ఐఎస్‌డీలో వేసి చూసుకున్నా, ఇది బాక్స్ లెక్కలు కట్టే ఫ్రీ సాఫ్ట్‌వేరే. లోపల 180 లీటర్లు, పోర్ట్ 45 సెంటీమీటర్ల వెడల్పు, 10 ఎత్తు, 30 లోతు, 18 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లై, మధ్యలో అడ్డ పట్టీలు. మా కార్పెంటర్ బాబాయ్ "ఇంత పెద్ద కన్నమెందుకురా, చిన్నది పెడితే పోదా" అన్నాడు. పోర్ట్ చిన్నదైతే గాలి ఇరుక్కుని బుస్ బుస్ అంటుంది, సౌండ్ పెంచేకొద్దీ బేస్ పెరగడం ఆగిపోతుంది, అందుకే నేను ఒప్పుకోలా.

బాక్స్ అయ్యాక ఫోన్‌లో టోన్ యాప్ పెట్టి 60 హెర్ట్జ్ నుంచి ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చా, చేత్తో కోన్‌ని (డ్రైవర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే గిన్నె లాంటి భాగం) ముట్టుకుని చూస్తే 41 దగ్గర దాదాపు కదలకుండా నిలబడిపోయింది, అదే టైంలో పోర్ట్ ముందు పెట్టిన చెయ్యికి గాలి ఫ్యాన్ పెట్టినట్టు కొట్టింది. ట్యూనింగ్, అంటే పోర్ట్ గట్టిగా పలికే హెర్ట్జ్, అక్కడ కుదిరిందని అర్థం. ఇంకా దించితే 30 దగ్గర కోన్ ఊగిపోవడం మొదలైంది, ఇక్కడే జాగ్రత్త. ట్యూనింగ్ కిందికి పోతే బాక్స్ లోపలి గాలి కోన్‌ని ఆపదు. నాకు తెలిసి కూడా సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది హెర్ట్జ్‌ని బాక్స్‌కి పోకుండా ఆపేది) తర్వాత కొందాంలే అనుకున్నా, తెనాలిలో ఒక పెళ్లిలో కోన్ హద్దు దాటి దాని వెనకున్న తీగచుట్ట, కాయిల్, నొక్కుకుపోయింది, రీకోనింగ్‌కి (కోన్, కాయిల్ కొత్తవి వేయించడానికి) పోయిన డబ్బుతో ఆ ఫిల్టర్ వచ్చేది. 35 దగ్గర కట్ పెట్టాక మళ్లీ ఒక్కటి కూడా పోలేదు.

తర్వాత ఇంకో 2 చేయించి మొత్తం 4 చేశా. అసలు తేడా తెలిసింది అప్పుడే. ఆంప్ (ఆంప్లిఫైయర్) పవర్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డీబీ (డెసిబెల్, సౌండ్ కొలత), దానికితోడు మే నెల ఎండలో కాయిల్ వేడెక్కి అందులోనూ కొంత పోతుంది. బాక్సులూ ఆంపులూ రెండూ రెట్టింపు చేసి పక్కపక్కన పెడితే 6 డీబీ దాకా వస్తుంది. స్టేజీకి అటు 2 ఇటు 2 పెడితే చూడ్డానికి బాగుంటుంది కానీ, జనంలో నడిచి చూడండి, ఒక చోట గుండె అదురుతుంది, నాలుగడుగులు పక్కకేస్తే బేసే ఉండదు. నేను నాలుగూ నేల మీద ఒకే చోట పెడతా, వెనక గోడ దొరికితే ఇంకా మంచిది. ఒక్కోటి 45 కేజీలు, ఇద్దరం ఎత్తేస్తాం.

సీల్డ్ బాక్స్, అంటే పోర్ట్ లేకుండా మూసేసింది, ఇంట్లో వినడానికి బాగుంటుంది, బయట గాలిలో చాలదు. బ్యాండ్‌పాస్ ఒకసారి అద్దెకి తెచ్చా, డ్రైవర్ లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి ఎంత కష్టపడుతోందో కనపడదు, వినపడదు, ఆంప్ లాగేకొద్దీ లాగుతాం. నాకు నచ్చలా.

పాత హార్న్ పెట్టెలు ఖాళీవే చిలకలూరిపేట వైపు ఒకాయనకి అమ్మేశా, ఆయన దగ్గర అదే డిజైన్ 2 ముందే ఉన్నాయి. అంచులు బాగుచేయించి, వాటిలోకి డ్రైవర్లు వేసి, శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో నాలుగూ కలిపి పెట్టాడు, దగ్గర నిలబడి విన్నా. నా నాలుగు రిఫ్లెక్సుల కంటే గట్టిగానే కొట్టాయి, కిందికి కూడా ఇంతకుముందు కంటే బాగా దిగాయి. ఆయనకి లారీ ఉంది, ఆరుగురు కుర్రాళ్లున్నారు.