‘పసిపిల్లల తేనె’ అని అంటగడుతున్నారు, కొనకండి

విజయవాడ బీసెంట్ రోడ్డు వైపు బారసాలకి, ఉయ్యాల ఫంక్షన్‌కి సామాను కొనేవాళ్లు ఇది చదివి వెళ్లండి.

మా చెల్లి పాపకి మూడో నెలలో ఉయ్యాల వేస్తున్నామని అక్కడొక షాపులో గిఫ్ట్ సెట్ తీసుకున్నాం. ఉగ్గుగిన్నె, వసకొమ్ము, చిన్న సీసాలో తేనె. ‘పిల్లల కోసమే మేడం, కాచి వడకట్టింది, పుట్టిన రోజు నుంచే నాకించొచ్చు’ అన్నాడు. ఇంటికొచ్చాక సీసా మీద రేటు స్టిక్కర్ ఒక మూల లేచి ఉంటే చెల్లి గోటితో గీకింది. దాని కింద భూతద్దం పెడితే తప్ప కనపడని ఇంగ్లీషు అక్షరాల్లో, ఏడాదిలోపు పిల్లలకు ఇవ్వకూడదని ఉంది! వెనక్కి ఇద్దామని వెళ్తే, ర్యాకులో ఉన్న సీసాలన్నిటికీ సరిగ్గా అక్కడే స్టిక్కర్. ‘మా పిల్లలందరికీ తేనెతోనే వస పోశాం, ఏమైంది?’ అని ఎదురు అడిగాడు. డబ్బులూ ఇవ్వలేదు.

ఇది కల్తీ గొడవ కాదు. మనం ‘ప్యూరేనా?’ అని అడుగుతాం. అసలు సిసలు అడవి తేనెలోనూ క్లాస్ట్రీడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియా స్పోర్లు (గట్టి పెంకుతో నిద్రపోతున్న విత్తనాల్లాంటివి) ఉండొచ్చు. కాచినా చావవు, 121 డిగ్రీల వేడి ప్రెషర్ మీద తగలాలి. పెద్దవాళ్ల పేగుల్లో అవి ఊరికే పోతాయి. ఏడాదిలోపు పిల్లల్లో, ముఖ్యంగా ఆరు నెలల్లోపు వాళ్లలో, పేగులోని మంచి బ్యాక్టీరియా ఇంకా కుదురుకోదు కాబట్టి అక్కడే పెరిగి విషం తయారుచేస్తాయి. 2018లో అమెరికాలోని టెక్సాస్‌లో నలుగురు పసివాళ్లు ఇలాగే ఆసుపత్రి పాలయ్యారు. నలుగురూ నోట్లో పెట్టుకున్నవి తేనె నింపిన పాలపీకలే (ప్యాసిఫైయర్లు). ఇక్కడా ఎవరైనా అమ్మితే కొనకండి. మట్టిలో, దుమ్ములో కూడా ఈ స్పోర్లుంటాయి, వాటిని పూర్తిగా ఆపలేం. తేనె మాత్రం మన చేతిలో ఉన్నదే కదా. ‘శాస్త్రానికి ఒక్క చుక్క’ కూడా వద్దు. వసకొమ్మూ మట్టిలో పెరిగేదే, పిల్లల డాక్టర్ని అడగకుండా అరగదీయకండి. బాలింత తేనె తింటే పర్వాలేదు, పాల ద్వారా ఈ జబ్బు రాదు.

ఇప్పటికే నాకించి ఉంటే టెన్షన్ పడకండి, అందరికీ రాదు. కానీ కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండండి. ముందు మలబద్ధకం, తర్వాత ఏడుపు సన్నగిల్లడం, పాలు గట్టిగా చప్పరించలేకపోవడం, రెప్పలు వాలడం, నిలిచిన మెడ మళ్లీ నిలవకపోవడం, ఒళ్లంతా తోటకూర కాడలా అయిపోవడం. సాధారణంగా జ్వరం ఉండదు, అందుకే ఇంట్లో తేలిగ్గా తీసుకుంటారు. ముదిరితే ఊపిరి తీసే కండరాలే పట్టు తప్పి వెంటిలేటర్ దాకా పోతుంది. ఇలా ఉంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి, తేనె పెట్టిన సంగతి మీరే ముందు చెప్పండి. టైముకి వైద్యం అందితే చాలామంది పూర్తిగా కోలుకుంటారు.

ఇలాంటి సీసా మీకూ అంటగడితే స్టిక్కర్, బ్యాచ్ నంబరు, 14 అంకెల FSSAI (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఫొటో తీసి, ఆ సంస్థ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసినా కంప్లయింట్ తీసుకుంటారు. ముందు పక్కా బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. మాకు షాపు పేరు కూడా లేని చిత్తు కాగితం మీద రాసిచ్చాడు.