మద్రాసులో కొలంబో వేయాలా, కొలంబోకే పోవాలా?

మా సినిమా కథ ముందు చెప్పేస్తాను. తెనాలి కుర్రాడు. ఆరేళ్లుగా చెన్నైలో ఉద్యోగం చేస్తున్నా తమిళం నేర్చుకోలేదు, నేర్చుకోవాల్సిన అవసరం ఉందని ఎప్పుడూ అనుకోలేదు. ఆఫీసు పనిమీద పొరుగు దేశం వెళ్తాడు. అక్కడ బ్యాగు పోతుంది. పాస్‌పోర్టు, ఫోను, పర్సు అన్నీ అందులోనే. మూడు రోజుల్లో తిరిగి రావాల్సినవాడు పదకొండు రోజులు ఇరుక్కుపోతాడు. జనం నవ్వాలి, చివర్లో గొంతు కాస్త పట్టేయాలి. మా చేతిలో ఉన్నది 35 లక్షలు. అందులో సగం రాయపురంలో బియ్యం వ్యాపారం చేసే మా బాబాయిది.

కథ మీద ఎవరికీ పేచీ లేదు. ఎక్కడ తీయాలన్నదాని మీదే సాలిగ్రామంలోని మా గదిలో నెలరోజులు వాదించుకున్నాం. నేను సౌండ్ మనిషిని, కాబట్టి నా లెక్క కొంచెం చెవివైపు మొగ్గుతుంది. అది ముందే చెప్పడం న్యాయం.

మొదటి దారి, అంతా ఇక్కడే తీసేయడం. బాబాయి పట్టు ఇదే. "స్వర్గం, పాతాళం కూడా వడపళని ఫ్లోర్లలోనే వేశార్రా మనవాళ్లు. మీకు పక్క దేశం వేయడం రాదా?" అన్నాడు. ఆ మాటలో బలం ఉంది. ఇక్కడ తీస్తే రాత్రికి ఎవరింటికి వాళ్లు వెళ్లి పడుకుంటారు. హోటల్ ఖర్చు లేదు, విమానం టికెట్లు లేవు, బత్తా కూడా తక్కువే. ఒక సీను సరిగ్గా రాకపోతే వచ్చే ఆదివారం మళ్లీ తీసుకోవచ్చు. చిన్న సినిమాకి ఈ చివరిది బంగారం లాంటిది. స్పీల్‌బర్గ్ 2004లో 'ద టెర్మినల్' కోసం విమానాశ్రయం టెర్మినల్‌ని కాలిఫోర్నియాలోని పామ్‌డేల్‌లో ఒక హ్యాంగర్ లోపల వేయించాడు. సెట్టు వేస్తే చెల్లదని ఎవరూ అనలేరు. కాకపోతే ఆ డబ్బు వేరు.

మా డబ్బుతో ఎలా ఉంటుందో చూద్దామని ఒక ఆదివారం పాండిచ్చేరి వెళ్లాం. వైట్ టౌన్‌లో పసుప్పచ్చ గోడ, దాని మీదకి వాలిన బోగన్‌విల్లా, కింద నడుస్తున్న మా హీరో. కెమెరాలో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. తిరిగొచ్చాక ఆ షాటు పదిమందికి చూపించాం. రెండో సెకనుకే "పాండీనా?" అన్నారు. వీధి పేరున్న నీలం పలకని ఫ్రేములోంచి తప్పించాం, పీవై నంబరు ప్లేటు బండ్లు పడకుండా చూసుకున్నాం. అయినా పట్టేశారు. ఆ గోడని ఇప్పటికే ఎన్నో పాటల్లో, పెళ్లి వీడియోల్లో చూసేశారు మరి. దారి తప్పినవాడి కథలో ప్రేక్షకుడికి దారి తెలిసిపోతే, ఇక వాడి కంగారు ఎవరికి అంటుతుంది?

ఇంకో చిక్కు నా పనిలోది. చెన్నై వీధిలో సింక్ సౌండ్, అంటే షూటింగ్ జరుగుతుండగానే మాటా శబ్దం, తీస్తే ఆ శబ్దం మొత్తం చెన్నైదే. పూలమ్మే ఆవిడ కేక, ఎంటీసీ బస్సు కండక్టర్ ఈల, టీ కొట్టులో తమిళ పాట. అదంతా తుడిచేసి, డబ్బింగ్ చెప్పించి, పరాయి ఊరి శబ్దం మళ్లీ నింపాలి. నింపొచ్చు. కానీ హీరో పక్కన నిలబడి పరాయి భాషలో గడగడా మాట్లాడే కూరగాయలాయన్ని ఎక్కణ్నించి తెస్తాం? జూనియర్ ఆర్టిస్టుకి నాలుగు ముక్కలు బట్టీ పట్టిస్తే ఆ నాలుగు ముక్కలే వస్తాయి. మన కామెడీ అంతా ఐదో ముక్కలో ఉంది.

ఈ విషయంలో నాకు ధైర్యం ఇచ్చిన సినిమా ఒకటుంది. 2007 నాటి ఇజ్రాయెల్ సినిమా, 'ద బ్యాండ్స్ విజిట్'. ఊరి పేరు దగ్గర పొరపాటు పడి ఈజిప్టు పోలీసు బ్యాండు వేరే ఊళ్లో దిగిపోతుంది. వచ్చినవాళ్లది అరబిక్, ఊరివాళ్లది హీబ్రూ, మధ్యలో రెండువైపులా వచ్చీరాని ఇంగ్లీషు. సగానికి పైగా మాటలు ఇంగ్లీషులోనే ఉన్నాయని ఆస్కార్‌లో విదేశీ భాషా చిత్రాల పోటీ నుంచి దాన్ని తప్పించారు. నాకు మాత్రం ఆ వచ్చీరాని ఇంగ్లీషే సినిమాకి ప్రాణం అనిపించింది. రెండువైపులా తడబడే మనుషులు నిజంగా ఆ రెండువైపులవాళ్లే కావాలి.

సరే, బయటికి పోవాలి. ఎక్కడికి?

బ్యాంకాక్ గురించి పెద్దగా చర్చ జరగలేదు. తెలుగు ప్రేక్షకుడి దృష్టిలో ఆ ఊరికి ఇప్పటికే ఒక ముద్ర పడిపోయింది. ఆ ముద్ర చెరపడానికే మాకు అరగంట సినిమా పోతుంది.

కౌలాలంపూర్ మీద నాకు చాలా ఆశ ఉండేది. మలేసియాలో తెలుగువాళ్లు ఉన్నారు. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ డతో కొబ్బరి తోటల్లో పనికి వెళ్లినవాళ్ల మనవలు, మునిమనవలు. మన హీరోకి అక్కడ ఒక ముసలావిడ దొరికి, తాతల నాటి తెలుగులో "ఏ ఊరు బాబూ?" అని అడిగితే? ఆ సీను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. కానీ ఆవిడ కనిపించిన నిమిషంలో మన కథ అయిపోతుంది. వాడికి అన్నం దొరికింది, మాట దొరికింది, ఇక ఇరుక్కోవడం ఏముంది? అది ఇంకో సినిమా. ఎప్పటికైనా తీయాలి, అది వేరే మాట. పైగా నాలుగు గంటల ప్రయాణం, ఏడుగురి టికెట్లు.

కొలంబో ఆలోచన కెన్నెట్ లేన్‌లో పుట్టింది. ఎగ్మూర్ స్టేషన్ ఎదుటి ఆ సందులో మహాబోధి సొసైటీ కేంద్రం ఉంది, శ్రీలంక నుంచి వచ్చే బౌద్ధ యాత్రికులు అక్కడ దిగుతారు. సింహళం ఎలా వినిపిస్తుందో విందామని రికార్డర్ లేకుండానే వెళ్లాను. అక్కడ సింహళ అక్షరాలు చూసి ఆగిపోయాను. గుండ్రంగా, ఒంపులు తిరిగి, తలకట్టు తీసేసిన తెలుగులా ఉన్నాయి. నా నోరు దానంతటదే చదవబోయింది. ఒక్క అక్షరం రాలేదు. మళ్లీ మొదటినుంచి చూశాను, మళ్లీ రాలేదు. అరబిక్ బోర్డు చూస్తే మనకి రాదని ముందే తెలుసు, అసలు ప్రయత్నించం. ఇది మనదే అనిపించి, తీరా చదవబోతే మొండిచెయ్యి చూపిస్తుంది. మా హీరో కొలంబోలో దిగాక మొదటి పది నిమిషాలు నాకు అక్కడే కనిపించాయి.

కథకి ఇంకో మేలు కూడా ఉంది. కొలంబో బోర్డుల మీద సింహళం, ఇంగ్లీషుతో పాటు తమిళం కూడా ఉంటుంది. వెళ్లవత్త లాంటి పేటల్లో వీధి మాటే తమిళం. అంటే ఆరేళ్లు పక్కన పెట్టేసిన భాషే అక్కడ వాడిని బయటపడేసే తాడు. కౌలాలంపూర్‌లో తెలుగు దొరికితే కథ ముగుస్తుంది. కొలంబోలో తమిళం దొరికితే కథ మొదలవుతుంది, ఎందుకంటే వాడికి అది రాదు.

సెలవుల సంగతి కూడా మాకు కలిసొచ్చింది. పాస్‌పోర్టు పోతే ముందు అక్కడి పోలీసుల దగ్గర ఫిర్యాదు కాగితం తీసుకోవాలి. అది పట్టుకుని మన హైకమిషన్‌కి వెళ్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. ఇండియాకి తిరిగి రావడానికి, అదీ ఒక్కసారికే పనికొచ్చే కాగితం. శ్రీలంకలో ప్రతి పౌర్ణమీ సెలవు, పోయ అంటారు. వైశాఖ పౌర్ణమికి, అంటే వెసాక్‌కి, వరసగా రెండు రోజులు. మా వాడి బ్యాగు బుధవారం రాత్రి పోతుంది. గురు, శుక్ర వెసాక్. తర్వాత శని, ఆది. అత్యవసర నంబరు ఉంటుంది కానీ వాడి దగ్గర ఫోనే లేదు. నాలుగు రోజులు ఎవరి తప్పూ లేకుండా చిక్కుకుపోతాడు. విలన్ లేని కథకి ఇంతకన్నా ఏం కావాలి.

వెసాక్‌కి కొలంబో అంతా కాగితం లాంతర్లు, దీపాల తోరణాలు. బెయిరా చెరువు, గంగారామయ గుడి చుట్టూ రాత్రంతా వెలుగే. మా లైట్ల బడ్జెట్‌తో జన్మలో వేయలేని వెలుగు. తెల్లారితే రొట్టెలమ్మే ఆటో బీథోవెన్ పియానో ట్యూన్ మోగిస్తూ సందులోకి వస్తుంది, చూన్ పాన్ అంటారు. ఆ ట్యూన్ వింటూ మా వాడు లాడ్జిలో నిద్ర లేస్తాడు.

నష్టాలు చిన్నవేం కాదు. వెసాక్ వచ్చేది సాధారణంగా మే నెలలో, కొలంబోలో అది గట్టి వానల కాలం. రెండు రోజులు తుడిచిపెట్టుకుపోతే వచ్చే ఆదివారం మళ్లీ వెళ్లి తీయలేం. అనుమతి అక్కడి నేషనల్ ఫిల్మ్ కార్పొరేషన్ ద్వారా తీసుకోవాలి. కెమెరాకి, లెన్సులకి, నా మైకులకి ఏటీఏ కార్నె కావాలి. సామాను సుంకం కట్టకుండా పై దేశం తీసుకెళ్లి తిరిగి తెచ్చుకోవడానికి పనికొచ్చే కాగితం అది. ఇక్కడ వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. ఒక్కో వస్తువు సీరియల్ నంబరు రాసి డిపాజిట్ కట్టాలి, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కస్టమ్స్ ముద్ర వేయించుకోవాలి. బ్యాటరీలు వంద వాట్-అవర్స్ లోపువే తీసుకుని, చేతిసంచిలోనే పెట్టుకోవాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి గుట్టుగా తీసుకొద్దామని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. వద్దన్నాను. హార్డ్ డిస్కు అక్కడ ఎవరైనా పట్టుకుంటే బాబాయి డబ్బు మొత్తం దాంట్లోనే ఉంటుంది.

అందుకని ఖర్చుని ఇలా విడగొట్టుకున్నాం. గదులన్నీ చెన్నైలోనే. లాడ్జి గది, పోలీస్ స్టేషన్, హైకమిషన్‌లో కుర్చీలు వేసిన హాలు. వీటికి పన్నెండు రోజులు. గోడకి చదరపు పిన్నుల సాకెట్ మార్చి, కిటికీ బయటి శబ్దం అక్కడిది వేస్తే చాలు. ఆటో లోపలి క్లోజప్‌లు కూడా ఇక్కడే తీయొచ్చు. అక్కడా బజాజ్ ఆటోలే, ఎడమవైపే నడుపుతారు. వీధి అన్నది మాత్రం ఒక్క షాటు కూడా ఇక్కడ తీయం. తొమ్మిది రోజులు, ఏడుగురం, గంటన్నర విమానం. హీరో తప్ప మిగతా మొహాలన్నీ అక్కడివాళ్లవే.

లెక్క మొత్తం కాగితం మీద రాసి రాయపురం తీసుకెళ్లాను. బాబాయి కొట్టు మూసే వేళ. సాంతం చదివి, "నాలుగు రోజులు చేతిలో పైసా లేకుండా ఏం తింటాడ్రా వాడు?" అన్నాడు.

వెసాక్‌కి వీధివీధినా దన్సల పెడతారు బాబాయ్ అన్నాను. మన దానశాలే. ఎవరొచ్చినా ఊరికే పెడతారు. మా వాడు సిగ్గుపడుతూ వరసలో నిలబడతాడు. వడ్డించే కుర్రాడు సింహళంలో ఏదో అడుగుతాడు, అర్థం కాదు. మళ్లీ అడుగుతాడు. గరిటె ఎత్తి చూపించి "పరిప్పు" అంటాడు. ఆరేళ్లు చెన్నై మెస్సులో రోజూ విన్న పరుప్పు. మా వాడు పళ్లెం ముందుకు చాపుతాడు.

బాబాయి కాసేపు ఏం మాట్లాడలేదు. కాగితం మడిచి గల్లాపెట్టెలో పెట్టుకుని, "కార్నె డిపాజిట్ ఎప్పటికి కట్టాలి?" అన్నాడు.