అప్‌గ్రేడ్ చేశాక కంప్యూటర్ ఆన్ కావట్లేదు: పాతది పెట్టి చూడాలా, అంతా విప్పాలా, షాపుకి మోసుకెళ్లాలా?

కొత్త ర్యామో, గ్రాఫిక్స్ కార్డో వేశాక కంప్యూటర్ మొండికేస్తే మూడు దారులున్నాయి. కొత్తది తీసేసి పాతది పెట్టడం ఒకటి. అన్నీ ఊడదీసి, కనీస సామానుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే కలుపుకుంటూ రావడం రెండోది. బాగా పనిచేస్తున్న పార్టు ఎక్కడినుంచైనా తెచ్చి మార్చి చూడటం మూడోది. షాపువాళ్లు చేసేది ఎక్కువగా ఈ మూడోదే. నాలుగో దారి కూడా ఉంది: ఊహ మీద కొత్త మదర్‌బోర్డు ఆర్డర్ పెట్టేయడం. దాని గురించి మాట్లాడుకోవడం దండగ.

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. బటన్ నొక్కినా చలనమే లేకపోవడం వేరు, ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోవడం వేరు, కంపెనీ లోగో వచ్చి విండోస్ మాత్రం రాకపోవడం వేరు. మూడోదానికి స్క్రూడ్రైవర్‌తో పని లేదు. బోర్డు గానీ ప్రాసెసర్ గానీ మార్చాక విండోస్ బిట్‌లాకర్ (డిస్కులోని డేటాకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడగొచ్చు. అది చాలామందికి వాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది, ఫోన్‌లో లాగిన్ అయి చూసుకోవచ్చు. ఇక్కడ మాట్లాడేది మొదటి రెండింటి గురించి.

పాతది పెట్టి చూడటం

మార్చింది ఒక్క పార్టే అయితే దీన్ని మించిన పద్ధతి లేదు. పది నిమిషాల పని, ఖర్చు సున్నా. స్విచ్ ఆపి, వైరు పీకి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ఆ తర్వాతే లోపల చెయ్యి పెట్టండి.

పాతది పెట్టగానే కంప్యూటర్ వచ్చిందనుకోండి. మిగతావన్నీ బాగున్నాయని తేలుతుంది గానీ, కొత్తది పాడైందని తేలదు. చాలామంది ఇక్కడే తొందరపడి పార్టు రిటర్న్ పెట్టేస్తారు. గ్రాఫిక్స్ కార్డుకి ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు అందించే పెట్టె) నుంచి విడిగా రావాల్సిన 8 పిన్ కేబుల్ పెట్టారా? మానిటర్ కేబుల్ ఇంకా మదర్‌బోర్డుకే ఉందా, కొత్త కార్డుకి మార్చారా? మన ఇళ్లలో ఇంకో చిక్కు, యూపీఎస్. ఇంట్లో మామూలుగా వాడే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే. పాత కంప్యూటర్‌ని హాయిగా మోసిన యూపీఎస్, కొత్త కార్డు లోడుకి కీచుమని కట్ అయిపోతుంది, తప్పంతా కార్డు మీద పడుతుంది. ఒకసారి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడండి. ర్యామ్ అయితే క్లిప్ టక్కుమని పడేదాకా గట్టిగానే నొక్కాలి. నాలుగు స్లాట్ల బోర్డులో రెండు స్టిక్కులంటే చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది.

పాతది పెట్టినా రాకపోతే, మార్చేటప్పుడు ఏదో కేబుల్ వదులై ఉండొచ్చు, లేదా బయోస్ (ఆన్ కాగానే ముందుగా నడిచే, బోర్డులోని ప్రోగ్రామ్) సెట్టింగ్ అడ్డం పడి ఉండొచ్చు. సీమాస్ (ఆ సెట్టింగులు దాచుకునే చోటు) క్లియర్ చేయడం, అంటే వైరు పీకి బోర్డు మీది సీఆర్2032 బిళ్ల బ్యాటరీని కాసేపు తీసి పెట్టడం, రెండో సందర్భంలో బాగా పనిచేస్తుంది. దానికీ ఒక ఖరీదుంది. సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. హార్డ్ డిస్క్ రెయిడ్ మోడ్‌లో ఉండి ఇప్పుడు ఏహెచ్‌సీఐకి (రెండూ బోర్డు డిస్కుని నడిపే పద్ధతులే) మారితే, డిస్‌ప్లే వస్తుంది గానీ విండోస్ నీలం స్క్రీన్ చూపిస్తుంది. డ్రైవ్ పోయిందని టెన్షన్ పడకుండా బయోస్‌లో ఆ మోడ్ వెనక్కి మారిస్తే చాలు.

అంతా విప్పి మొదటినుంచి

బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ ఒకేసారి మార్చినవాళ్లకు మొదటి దారి లేనట్టే. వాళ్లకి ఇదే గతి, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా నిజాయితీగల పరీక్ష కూడా. బోర్డుని క్యాబినెట్ నుంచి తీసి దాని అట్టపెట్టె మీద పెట్టండి. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్ స్టిక్కు, 24 పిన్ కేబుల్, ప్రాసెసర్ దగ్గరి 8 పిన్ కేబుల్. అంతే. పవర్ స్విచ్ వైర్లు తగిలించే రెండు పిన్నుల్ని స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపితే బోర్డు ఆన్ అవుతుంది. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి, ఏఎండీ రైజెన్ 5600 లాంటివాటికి లోపల గ్రాఫిక్స్ ఉండదు. అలాంటప్పుడు గ్రాఫిక్స్ కార్డు కూడా కనీస సామానులోదే, అది లేకుండా డిస్‌ప్లే కోసం ఎదురుచూడటం వృథా.

పెట్టె మీద పనిచేసి క్యాబినెట్‌లో పనిచేయకపోతే, బోర్డు కింద అక్కర్లేని చోట ఇత్తడి స్టాండ్‌ఆఫ్ (బోర్డుని ఎత్తిపట్టే చిన్న స్క్రూ) తగులుతోందేమో చూడండి. ఈ సంగతి మిగతా రెండు దారుల్లో బయటపడటం కష్టం.

బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు చిన్న లైట్లుంటే సగం పని అవే చేస్తాయి. ఏ లైటు దగ్గర ఆగిపోతే తేడా అక్కడన్నమాట. కానీ విప్పడం మొదలుపెట్టే ముందు రెండు విషయాలు గుర్తుండాలి. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డులు, ముఖ్యంగా 2022లో వచ్చిన ఏఎండీ ఏఎం5 సాకెట్‌వి, మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఓ పావుగంట వదిలేయండి, మధ్యలో ఆపితే మళ్లీ మొదటికే. రెండోది, రైజెన్ 5000 వరుసని పాత బీ450 బోర్డులో పెట్టినప్పుడు బయోస్ అప్‌డేట్ కాకపోతే ఎన్నిసార్లు విప్పి బిగించినా రాదు. బోర్డుకి ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేయొచ్చు. లేకపోతే పాత ప్రాసెసర్ పెట్టి చేయాల్సిందే, కాబట్టి దాన్ని అప్పుడే అమ్మేయకండి.

ఈ దారికి ఒక సాయంత్రం పోతుంది, కూలర్ ఊడదీస్తే కొత్త థర్మల్ పేస్టు కావాలి. ఏఎం4లో (ఏఎం5కి ముందు తరం సాకెట్) కూలర్‌ని ఒక్కసారిగా పైకి లాగితే ప్రాసెసర్ దానికే అతుక్కుని వచ్చి పిన్నులు వంగిపోతాయి. వీలైతే కాస్త వేడెక్కనిచ్చి, మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. చేతులు వణికేవాళ్లు ర్యామ్, కార్డుల దాకా విప్పి ఆగిపోవడమే మంచిది.

మార్చి చూడటం, షాపు

ఇంట్లో రెండో కంప్యూటర్ లేకపోతే ఈ పద్ధతికి పెద్దగా అర్థం లేదు, ఒక్క ఎస్‌ఎంపీఎస్ విషయంలో తప్ప. పచ్చ వైరునీ నల్ల వైరునీ పేపర్ క్లిప్‌తో కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరుగుతుంది. లోడు పడ్డప్పుడు తట్టుకుంటుందని మాత్రం దానివల్ల తెలియదు. పనిచేసే ఇంకోటి పెట్టి చూడటమే ఇంట్లో వీలయ్యే అసలు పరీక్ష. అలా మార్చేటప్పుడు మాడ్యులర్ (ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడివచ్చే) కేబుళ్లు కూడా దాంతోపాటే మార్చాలి. చూడటానికి ఒకేలా ఉన్నా ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీని బట్టి, ఒక్కోసారి మోడల్‌ని బట్టి మారుతుంది. పాత కేబుళ్లు ఉంచేసి ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే మార్చి, డ్రైవులు కాల్చుకున్నవాళ్లు బోలెడుమంది. ఎస్‌ఎంపీఎస్ మూత మాత్రం విప్పొద్దు, వైరు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

బటన్ నొక్కగానే ఒక్క క్షణం తిరిగి ఆగిపోతూ, కనీస సామానుతో కూడా అలాగే చేస్తుంటే ఇక షాపే మేలు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూపించడం పెద్ద పనేం కాదు. ఒకటే షాపున్న ఊళ్లో మాత్రం "బోర్డు పోయింది సార్" అనగానే తలూపకండి. ఏ పార్టు మార్చితే వచ్చిందో మీ ఎదురుగా ఆన్ చేసి చూపించమనండి, పోయిందన్న పార్టుని వారంటీ చూసుకునేదాకా మీ దగ్గరే ఉంచుకోండి.